అభయారణ్యం పక్క గడ్డి బీడు మీదుగా 400 కేవీ లైన్ వస్తోంది, ఆపగలమా?

మీరు అడిగింది ఇది: మీ మండలంలో అభయారణ్యం అంచున పెద్ద గడ్డి బీడు ఉంది. కొంత ఫారెస్టుది, కొంత ఊరి మేత పోరంబోకు, కొంత మీ పట్టా. కృష్ణజింకలు తిరుగుతాయి, శీతాకాలంలో గద్దలు వస్తాయి. 400 కేవీ లైన్ కోసం సర్వే వాళ్లు రాళ్లు పాతి వెళ్లారు. దీన్ని ఆపగలమా, అర్జీ ఎక్కడ పెట్టాలి, పరిహారం తీసుకుంటే మాట్లాడే హక్కు పోతుందా?

ముందు సూటిగా చెప్పేస్తాను. లైన్‌ను మొత్తంగా ఆపడం దాదాపు కుదరదు. దాన్ని బీడు మీద నుంచి పక్కకు మళ్లించడం కుదురుతుంది, అదీ పునాది గుంతలు తవ్వకముందే. రాళ్లు మాత్రమే పడ్డాయంటే మీకింకా సమయం ఉంది. అయితే మీ బలం పట్టా భూమిలో లేదు, ఫారెస్టు భూమిలోనూ మేత పోరంబోకులోనూ ఉంది. చాలా ఊళ్లలో పట్టాదారులు ముందుకొచ్చి గొడవపడతారు, ఉమ్మడి భూమి గురించి ఎవరూ కాగితం పెట్టరు. చట్టం అండ ఉన్నది ఉమ్మడి భూమికే.

పట్టా భూమిలో ఎందుకు లేదో చెబుతాను. విద్యుత్ చట్టం 2003, 164వ సెక్షన్ కింద ప్రభుత్వం లైన్ వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు ఇవ్వగలదు. ఆ ఉత్తర్వు ఉన్న సంస్థ భూమి యజమాని సమ్మతి లేకుండానే టవర్ నిలబెట్టవచ్చు, తీగ లాగవచ్చు. నష్టానికి పరిహారం ఇస్తే చాలు. పవర్‌గ్రిడ్, సెంచరీ టెక్స్‌టైల్స్ మధ్య కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక పాత టెలిగ్రాఫ్ చట్టం పోయిందిగా అని ఊళ్లలో కొందరు వకీళ్లు అంటున్నారు. కరెంటు లైన్ల వరకు పాత చట్టంలోని మూడో భాగం కొనసాగుతుందని ఆ కొత్త చట్టంలోనే రాసి ఉంది. ఆ వాదన మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

కాబట్టి మొదటి ప్రశ్న "మీకు 164 ఉత్తర్వు ఉందా? నంబరు, తేదీ చెప్పండి" అని అడగాలి. ఇది రాతపూర్వకంగానే అడగండి. 68వ సెక్షన్ కింద వచ్చే అనుమతి వేరు. అది ఓవర్‌హెడ్ లైన్ వేయడానికి ముందస్తు ఆమోదం మాత్రమే, మీ భూమిలో అడుగుపెట్టే అధికారం కాదు. సైట్ ఇంజనీర్లు తరచూ 68 కాగితం చూపించి పని కానిస్తారు. 164 లేకపోతే లైసెన్సీల (లైసెన్సు ఉన్న విద్యుత్ సంస్థల) పనుల నిబంధనలు 2006 వర్తిస్తాయి. వాటి ప్రకారం యజమాని సమ్మతి కావాలి, అభ్యంతరం ఉంటే కలెక్టరు అనుమతి తెచ్చుకోవాలి. సోలార్, గాలిమరల కంపెనీలు తమ ప్లాంటు నుంచి సబ్‌స్టేషన్ దాకా సొంతంగా వేసుకునే లైన్లలో ఈ లోపం ఎక్కువగా కనబడుతుంది. అవి చాలాసార్లు 33 కేవీ, 132 కేవీ, 220 కేవీ లైన్లు. మీది 400 కేవీ కాబట్టి 164 ఉండే అవకాశమే ఎక్కువ. అయినా అడగండి, అది ఏ లైన్‌కు, ఏ ఊళ్లకు ఇచ్చారో ఆ కాగితంలోనే ఉంటుంది.

ఇక ఉమ్మడి భూమి. టెలిగ్రాఫ్ చట్టంలో 10వ సెక్షన్ (సి) క్లాజు చదవండి. స్థానిక సంస్థకు చెందిన లేదా దాని అజమాయిషీలో ఉన్న భూమిలో ఆ సంస్థ అనుమతి లేకుండా ఈ అధికారాలు వాడకూడదని అందులో ఉంది. ఆ అనుమతికి షరతులు పెట్టవచ్చని 12వ సెక్షన్ చెబుతుంది. గ్రామ పంచాయతీ స్థానిక సంస్థే. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994, 58వ సెక్షన్ ప్రకారం మేత పోరంబోకులు, కళ్లాలు, శ్మశానాలు, పశువుల మందలు నిలిపే చోట్లు, తోపులు ప్రభుత్వానికి వేరే ప్రత్యేక అవసరం లేనంతవరకు పంచాయతీకి దఖలు పడతాయి. అంటే పట్టాదారు సమ్మతి అక్కర్లేని సంస్థకు కూడా మేత పోరంబోకులో పంచాయతీ అనుమతి కావాలి. ఇంత బలమైన మాట చట్టంలో ఉన్నా, వాడుకున్న ఊళ్లు తక్కువ.

దీన్ని వాడాలంటే రెండు పనులు సరిగ్గా జరగాలి. ఒకటి, ఆ భూమి నిజంగా మేత పోరంబోకు అని రికార్డు చూపించాలి. ఆర్‌ఎస్‌ఆర్ (భూమి ఏ రకమో రాసి ఉండే పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్, గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) నకళ్లు తహసీల్దార్ ఆఫీసు నుంచి తీసుకోండి. ఇక్కడే చాలా ఊళ్లు దెబ్బతింటాయి. ఊరంతా మేత భూమి అనుకునేది రికార్డులో ఏడబ్ల్యూడీ (శిస్తు నిర్ణయించిన బంజరు) అనో యూఏడబ్ల్యూ (శిస్తు నిర్ణయించని బంజరు) అనో ఉంటుంది. అలా ఉంటే అది రెవెన్యూ శాఖది, 58వ సెక్షన్ వాదన నిలవదు. అప్పుడు అర్జీ కలెక్టరుకు వేరే తీరులో, పశువుల మేత అవసరం, ప్రత్యామ్నాయ దారి ఆధారంగా రాయాలి.

రెండోది తీర్మానం. సర్పంచి లెటర్‌హెడ్ మీద "మాకు అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టిస్తే, లేదా పంచాయతీ కార్యదర్శి ఒక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇచ్చేస్తే, తర్వాత ఎంత అరిచినా ఆ కాగితమే కోర్టులో కనిపిస్తుంది. అందుకని ఇప్పుడే పంచాయతీ సమావేశం పెట్టి తీర్మానం చేయించండి. అందులో సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఎన్ని పశువులు, ఎన్ని గొర్రెలు అక్కడ మేస్తాయో, ఏ నెలల్లో మేస్తాయో, 10(సి) కింద అనుమతి నిరాకరిస్తున్నామన్న మాట, పక్కన ఏ దారిలో వెళితే అభ్యంతరం లేదో ఉండాలి. ఈ చివరి వాక్యం తప్పనిసరి. పంచాయతీకీ సంస్థకూ తగాదా వస్తే ప్రభుత్వం నియమించే అధికారి తేలుస్తాడని టెలిగ్రాఫ్ చట్టంలోనే ఉంది. ఒట్టిగా "వద్దు" అన్న తీర్మానం ఆయన ముందు నిలవదు. "ఇక్కడ వద్దు, అక్కడ వేసుకోండి" అన్నది నిలుస్తుంది. తెలంగాణలో ఉన్నవాళ్లు 2018 పంచాయతీరాజ్ చట్టం చూసుకోవాలి. ఏజెన్సీ ప్రాంతమైతే పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద గ్రామసభ విషయం అదనంగా చూడాలి.

ఫారెస్టు భాగానికి వస్తే రెండు వేర్వేరు అనుమతులు కావాలి, వీటిని కలిపేసి అర్జీ రాస్తే రెండు ఆఫీసులూ పక్కన పెడతాయి. అటవీ భూమి మళ్లింపుకు 1980 అటవీ చట్టం కింద ఒకటి. అభయారణ్యం హద్దు లోపల అయితే 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ కింద ఇంకొకటి. రెండో దానిలో ఫైలు డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) నుంచి పైకి వెళ్లి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, రాష్ట్ర వన్యప్రాణి బోర్డు, ఆ తర్వాత జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం దాకా పోతుంది. రాష్ట్ర బోర్డు అజెండాలోకి రాకముందు మీ కాగితం డీఎఫ్‌ఓ ఫైల్లో ఉండాలి. ఆయన స్థల తనిఖీ నివేదికలో రాసిన మాటే పైదాకా నడుస్తుంది. ఢిల్లీకి పంపే పది ఉత్తరాల కన్నా డీఎఫ్‌ఓకు ఇచ్చిన ఒక్క మంచి నివేదిక విలువైనది.

కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో ఈ ప్రతిపాదనలు అందరికీ కనబడతాయి. జిల్లా, ప్రాజెక్టు రకం పెట్టి వెతికితే ప్రతిపాదన నంబరు దొరుకుతుంది. అందులో లైన్ దారి గీసి ఉన్న కేఎంఎల్ (మ్యాపు) ఫైలు దించుకుని గూగుల్ ఎర్త్‌లో తెరిచి, మీ ఊళ్లో పడిన రాళ్ల జీపీఎస్ పాయింట్లతో పోల్చండి. రెండూ తేడా ఉండటం అరుదేమీ కాదు. అనుమతి అడిగిన దారి ఒకటి, నేల మీద రాళ్లు పడిన దారి ఒకటి అయితే అంతకన్నా గట్టి అభ్యంతరం ఉండదు. తర్వాత ప్రత్యామ్నాయ మార్గాల పోలిక ఉందో లేదో చూడండి. అటవీ భూమి తప్పదని చూపించే బాధ్యత సంస్థదే. మూడు దారులు పోల్చామంటూ ఒకదానికొకటి అర కిలోమీటరు దూరంలో మూడు గీతలు, అన్నీ బీడు మీదుగానే గీసి పెడతారు. అదే మీ అభ్యంతరంలో మొదటి పేరా కావాలి.

పబ్లిక్ హియరింగ్ కోసం ఎదురుచూడకండి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో ట్రాన్స్‌మిషన్ లైన్లు లేవు. ఎవరూ మైకు పెట్టి మిమ్మల్ని పిలవరు. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ సమ్మతి విషయంలో కూడా రోడ్లు, లైన్లు, కాలువల లాంటి పొడవాటి ప్రాజెక్టులకు 2013 ఫిబ్రవరిలో కేంద్రం సడలింపు ఇచ్చింది. ఆదిమ గిరిజన సమూహాల హక్కులు దెబ్బతినే చోట మాత్రం ఆ సడలింపు లేదు. మిగిలిన చోట్ల ఊరికి తెలిసేది పేపరు ప్రకటనల ద్వారానే. అంతర్రాష్ట్ర లైన్ అయితే ఊళ్ల పేర్లన్నీ వేసి పత్రికల్లో, గెజిట్‌లో ప్రకటన ఇస్తారు, అభ్యంతరాలకు సాధారణంగా రెండు నెలల గడువు ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. గడువు దాటినా పంపండి, ఫైల్లో ఉంటుంది. లైసెన్సు దశలో విద్యుత్ నియంత్రణ కమిషన్ కూడా అభ్యంతరాలు అడుగుతుంది. అయితే కమిషన్ చూసేది ఖర్చు, అర్హత. దారి విషయం తన పరిధి కాదంటుంది. ఒక కాగితం పెట్టి వదిలేయండి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు పని, ప్రత్యామ్నాయ దారి. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే గెలిచిన చోట్ల గెలిపించింది ఇదే.

400 కేవీ లైన్‌కు 46 మీటర్ల వెడల్పు కారిడార్ కావాలి. అంటే కిలోమీటరుకు 4.6 హెక్టార్లు, సుమారు 11.4 ఎకరాలు. (పోల్చుకోవడానికి, 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35, డబుల్ సర్క్యూట్ 765 కేవీకి 67.) టవర్‌కూ టవర్‌కూ మధ్య దూరం సుమారు 400 మీటర్లు, కాబట్టి కిలోమీటరుకు రెండు మూడు టవర్లు. లైన్ నేరుగా వెళ్లే చోట 'ఏ' (A) టైప్ టవర్ వేస్తారు, అది 2 డిగ్రీల మలుపు వరకే తట్టుకుంటుంది. 15 డిగ్రీల మలుపు దాకా బీ టైప్, 30 దాకా సీ టైప్, 60 దాకా డీ టైప్. మలుపు పెరిగేకొద్దీ ఉక్కు, కాంక్రీటు, ఖర్చు పెరుగుతాయి. "మళ్లిస్తే చాలా ఖర్చు" అని ఇంజనీరు అంటే ఆయన మనసులో ఉన్నది డీ టైప్ టవర్లే.

అందుకే మలుపు బీడు దగ్గర అడగకూడదు, చాలా ముందు నుంచి అడగాలి. లెక్క చూడండి. లైన్‌ను ఒక కిలోమీటరు పక్కకు జరపాలి అనుకుందాం. బీడుకు కిలోమీటరు ముందు నుంచి తిప్పితే 45 డిగ్రీల మలుపు వస్తుంది, నాలుగు మలుపులకూ డీ టైప్ కావాలి, పొడవు సుమారు 830 మీటర్లు పెరుగుతుంది. అదే 4 కిలోమీటర్ల ముందు నుంచి మెల్లగా తిప్పి, బీడు దాటాక మళ్లీ 4 కిలోమీటర్లలో పాత దారిలో కలిపితే, ఒక్కో మలుపు 14 డిగ్రీలే, బీ టైప్ సరిపోతుంది. పెరిగే పొడవు 250 మీటర్లు మాత్రమే. ఈ లెక్క మ్యాప్ మీద గీసి పెట్టిన అర్జీకీ, "గడ్డి బీడును కాపాడండి" అని రాసిన అర్జీకీ వచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది. కాగితం చూడగానే ఇంజనీరుకు అది కుదురుతుందో లేదో తెలిసిపోతుంది. కుదిరేదాన్ని కుదరదని రాతలో రాయడానికి ఎవరైనా వెనకాడతారు.

మీరు గీసే దారి ఊళ్ల ఇళ్ల మీద నుంచి, చెరువుల మధ్య నుంచి, ఇంకో ఊరి మాగాణి మీద నుంచి వెళ్లకుండా చూసుకోండి. పక్క ఊరి నెత్తిన పెడితే వాళ్లు మీకు వ్యతిరేకంగా అర్జీ పెడతారు, రెండు ఊళ్ల గొడవ చూపించి అసలు దారే ఖాయం చేస్తారు. ఇప్పటికే పెద్ద లైన్ వెళుతున్న కారిడార్ పక్కన, లేదా రోడ్డు వెంట ఉన్న మెట్ట మీదుగా గీయడం మంచిది. గోవాలో జరిగింది దీనికి మంచి ఉదాహరణ. మొల్లెం దగ్గర భగవాన్ మహావీర్ అభయారణ్యం మీదుగా తమ్నార్ ప్రాజెక్టు 400 కేవీ లైన్‌కు కొత్త దారి నరకబోతే, సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ 2021 ఏప్రిల్‌లో అక్కడ ఇప్పటికే ఉన్న 220 కేవీ లైన్ కారిడార్‌ను వాడుకోమని సిఫారసు చేసింది. 2022లో కోర్టు ఆ సిఫారసును ఒప్పుకుంది. కొత్త నరుకుడు దారికి బదులు పాత దారి అన్నమాట. లైన్ అవసరమే లేదన్న వాదన అక్కడ కూడా నిలవలేదు.

ఎక్కడ మీ బలం పెట్టాలంటే యాంగిల్ పాయింట్ల మీద, అంటే లైన్ మలుపు తిరిగే చోట్ల మీద. సర్వే మ్యాపుల్లో ఏపీ‑1, ఏపీ‑2 అని ఉంటాయి. రెండు యాంగిల్ పాయింట్ల మధ్య లైన్ తిన్నగా వెళ్లాల్సిందే, మధ్యలో ఒక్క టవర్‌ను పక్కకు జరపమంటే జరగదు. ముందు వెనకలుగా కొన్ని మీటర్లు జరపగలరు, అంతే. కనుక బీడుకు అటూ ఇటూ ఉన్న రెండు యాంగిల్ పాయింట్లు ఎక్కడున్నాయో కనుక్కోండి, అవి మీ ఊళ్లో కాక రెండు ఊళ్ల అవతల ఉండొచ్చు. వరస ఇలా ఉంటుంది: మ్యాపు మీద సర్వే, నేల మీద వివరమైన సర్వే, చెక్ సర్వే, టవర్ షెడ్యూల్, గుంత, స్టబ్ (టవర్ కాలు అడుగు ముక్క) నిలపడం, కాంక్రీటు, టవర్ ఎత్తడం, తీగ లాగడం. చెక్ సర్వే దాకా యాంగిల్ పాయింట్ మార్చడం కాగితం పని. ఆ యాంగిల్ టవర్‌కు కాంక్రీటు పడ్డాక ఎవరూ మార్చరు. మీ ఊళ్లో ఇంకా గుంత పడలేదని నిశ్చింతగా ఉండకండి, ఆ రెండు చోట్ల ఏం జరుగుతోందో వారానికోసారి చూసి రండి.

గడ్డిభూమి విలువ గురించి ఏం రాయాలన్నది తర్వాతి విషయం. అటవీ ఫైళ్లలో నష్టాన్ని కొలిచేది చెట్ల లెక్కతో. గడ్డి బీడులో చెట్లుండవు కాబట్టి "నరికే చెట్లు: సున్నా" అని రాసి, నష్టమే లేదన్నట్టు ఫైలు నడుస్తుంది. దీన్ని మొదటే ఎదుర్కోవాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. అనుమతి షరతుల్లో లైన్ కింద పొట్టి రకం మొక్కలు, ఔషధ మొక్కలు నాటాలని మామూలుగా రాస్తారు, పరిహార వనీకరణ కూడా ఉంటుంది. అడవికి అది మేలేమో కానీ గడ్డి మైదానంలో మొక్కలు నాటితే గడ్డి పోతుంది, దాని మీద బతికే పిట్టలూ పోతాయి. లైన్ తప్పని పక్షంలో ఈ మొక్కలు నాటే షరతును తీసేసి, గడ్డి పునరుద్ధరణగా మార్చమని ప్రత్యేకంగా అడగండి.

కృష్ణజింకల గురించి నిజం చెప్పాలి. అవి తీగకు తగిలి చావవు, టవర్ల మధ్య మేస్తాయి కూడా. "లైన్ వస్తే జింకలు చస్తాయి" అని రాస్తే అధికారి ఒక్క వాక్యంతో కొట్టేస్తాడు, మిగతా అర్జీ మీద కూడా నమ్మకం పోతుంది. జింకలకు హాని చేసేది నిర్మాణం: లారీలు నడిచే దారులు, కూలీల గుడిసెలు, కుక్కలు, తవ్విన మట్టిలో పాకే సర్కారు తుమ్మ. వాటి గురించి రాయండి, ఈనిక కాలంలో పని ఆపమని, శాశ్వత దారులు వేయొద్దని అడగండి.

తీగకు బలయ్యేవి పిట్టలు. 400 కేవీ టవర్ మీద కరెంటు షాక్ తగలడం అరుదు, తీగల మధ్య దూరం మీటర్లలో ఉంటుంది. షాక్‌తో గద్దలు చచ్చేది 11, 33 కేవీ స్తంభాల మీద. పెద్ద లైన్లతో వచ్చేది ఢీకొనడం, అదీ ఎక్కువగా అన్నింటికన్నా పైనుండే సన్నని ఎర్త్ వైరుకు. లావు తీగలను తప్పించుకోబోయి పైకెగిరి దానికి తగులుతాయి. రాజస్థాన్ థార్ ఎడారిలో భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో లైన్ల వల్ల ఏటా ఎనభై వేలకు పైగా పిట్టలు చస్తున్నాయని అంచనా కట్టారు. బట్టమేక పిట్టకు (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఇంకా ప్రమాదం. దాని ముందుచూపు ఇరుకు, నేల వెతుకుతూ తల వంచి ఎగిరితే ఎదుట ఏముందో కనబడదు, మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది కాబట్టి చివరి క్షణంలో పక్కకు తిరగలేదు.

"బర్డ్ డైవర్టర్లు పెడతాం" అన్న హామీ మీకు తప్పకుండా వస్తుంది. తీగకు వేలాడదీసే ఈ బిళ్లలు కొన్ని పిట్టలకు బాగా పనిచేస్తాయి. దక్షిణాఫ్రికాలో చేసిన అధ్యయనంలో నీలి కొంగల మరణాలు 92 శాతం తగ్గాయి, పెద్ద పిట్టలన్నీ కలిపి చూస్తే సగానికి వచ్చాయి, కానీ బట్టమేక జాతి పిట్టల్లో మాత్రం తేడా కనబడలేదు. మీ బీడులో ఏ పిట్టలున్నాయన్న దాన్ని బట్టి డైవర్టర్ పనికొస్తుందో లేదో తేలుతుంది. ఒప్పుకోవాల్సి వస్తే ఎర్త్ వైరు మీదే పెట్టాలని, ఎన్ని మీటర్లకొకటో, ఊడినవి ఎవరు ఎప్పటిలోగా మార్చాలో షరతులో రాయించండి. కొన్నేళ్లకు ఊడిపోయి, మార్చే బాధ్యత ఎవరిదో తెలియక అలాగే ఉండిపోవడం మామూలు.

ఆధారాలు ఇప్పుడే కూడబెట్టండి. దగ్గర్లో ఇప్పటికే ఉన్న లైన్ కింద నెలకోసారి నడవండి, చచ్చిన పిట్ట కనబడితే పక్కన స్కేలు పెట్టి ఫొటో, జీపీఎస్, తేదీ, తీగ నుంచి దూరం రాసుకోండి. కుక్కలు, నక్కలు రాత్రికి రాత్రే ఎత్తుకుపోతాయి కాబట్టి దొరికేవి అసలులో కొంతే అని నివేదికలో చెప్పండి. బతికున్న పిట్టల లెక్కను ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు) తేదీలతో ఎక్కించండి, అది ఎవరూ వెనక్కి జరిపి రాయలేని రికార్డు. సాయంత్రం హారియర్ గద్దలు గడ్డిలో దిగి నిద్రపోయే చోట్లు ఉంటే అవి ముఖ్యం, లైన్ ఎత్తులో గుంపుగా ఎగిరేది అప్పుడే.

ఎంత అడగాలి అన్న విషయంలో బట్టమేక కేసు మంచి పాఠం. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల మేర ఓవర్‌హెడ్ లైన్ల మీద ఆంక్షలు పెట్టి, ముఖ్య ప్రాంతాల్లో భూగర్భ కేబుళ్లు వేయమంది. అంత విస్తారంగా అమలు కుదరదన్న వాదనతో ప్రభుత్వం మళ్లీ వెళ్లింది. 2024 మార్చి 21న కోర్టు ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీ వేసింది. 2025 డిసెంబరులో ఆ కమిటీ సూచించిన ముఖ్య ప్రాంతాలను, రాజస్థాన్‌లో 14,013, గుజరాత్‌లో 740 చదరపు కిలోమీటర్లను, ఒప్పుకుంది. విశాలంగా అడిగింది వెనక్కి వెళ్లింది, కచ్చితంగా గీసింది నిలిచింది. మీరూ "ఈ మండలంలో లైన్ వద్దు" అనకుండా "ఈ సర్వే నంబర్లలో, ఈ ఇన్ని కిలోమీటర్లు" అని అడగండి.

మన దగ్గర రోళ్లపాడు కూడా గుర్తుంచుకోదగ్గది. నందికొట్కూరు పక్కన బట్టమేక కోసమే 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది, విస్తీర్ణం 614 హెక్టార్లు. పిట్ట తిరిగే మేర దానికి ఎన్నో రెట్లు. హద్దు బయట నీళ్లు వచ్చి మెట్ట సాగు తీరు మారింది, బీళ్లు తగ్గాయి. లోపల కంచె వేసి కాపాడినా పిట్ట మిగల్లేదు. అందుకే "లైన్ అభయారణ్యం హద్దుకు బయటే కదా" అని వాళ్లంటే దాన్ని ముగింపుగా తీసుకోకండి. చుట్టూ పర్యావరణ సున్నిత మండలం నోటిఫై అయి ఉంటే ఆ నోటిఫికేషన్ చదవండి. కరెంటు తీగలు సాధారణంగా నియంత్రిత పనుల జాబితాలో, భూగర్భ కేబుల్‌ను ప్రోత్సహించాలన్న మాటతో ఉంటాయి.

భూగర్భ కేబుల్ అడగొచ్చా అంటే, 33 కేవీ, ఆ లోపు లైన్లకు తప్పకుండా అడగండి. 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ బట్టమేక ప్రాంతాలకు తెచ్చిన నిబంధనల్లోనే 33 కేవీ, అంతకు తక్కువవి భూగర్భంలో వేయాలని ఉంది. 400 కేవీ ఏసీ కేబుల్ చాలా ఖరీదు, పొడవు పెరిగేకొద్దీ సాంకేతిక ఇబ్బందులు పెరుగుతాయి. దాన్ని మొదటి కోరికగా పెడితే కాదన్న జవాబు సులువుగా వస్తుంది. కేరళలో పుగళూరు–త్రిశూరు లైన్ చివరి దాదాపు 27 కిలోమీటర్లు కేబుల్‌గా వేసిన మాట నిజం, కానీ అది 320 కేవీ డీసీ. మీ దానికి పోలిక కుదరదు.

సమాచార హక్కు దరఖాస్తులు మూడు చోట్ల పెట్టండి: కలెక్టరేట్, డీఎఫ్‌ఓ, లైన్ వేసేది ప్రభుత్వ సంస్థ అయితే దానికి కూడా. ప్రైవేటు కంపెనీ అయితే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థను అడగండి. 164, 68 ఉత్తర్వులు, యాంగిల్ పాయింట్ల జాబితా, టవర్ షెడ్యూల్, ప్రత్యామ్నాయ మార్గాల నివేదిక, మీ పంచాయతీ నుంచి ఇప్పటికే ఏదైనా ఎన్‌ఓసీ వెళ్లిందా అన్నది అడగాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు.

పనిని ఒళ్లడ్డం పెట్టి ఆపే ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. అడ్డుకోగానే సంస్థ టెలిగ్రాఫ్ చట్టం 16(1) కింద కలెక్టరు దగ్గరికి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకుంటుంది, ఆ తర్వాత అడ్డుకుంటే క్రిమినల్ కేసు. కలెక్టరు నోటీసు ఇచ్చి పిలిస్తే మాత్రం తప్పకుండా వెళ్లండి. మ్యాపు, తీర్మానం, లెక్క చేతిలో పెట్టుకుని వెళ్లి, అవి అందినట్టు ఉత్తర్వులో రాయమని అడగండి. రాతలో పెట్టినదాన్ని పరిశీలించకుండా ఇచ్చిన ఉత్తర్వును హైకోర్టులో ప్రశ్నించవచ్చు.

కోర్టుల్లో ఏది ఎక్కడికో తెలియక చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయకండి. 2018 సవరణ తర్వాత నిర్దిష్ట ఉపశమన చట్టం 41వ సెక్షన్ (హెచ్‌ఏ) క్లాజు మౌలిక సదుపాయాల పనులను ఆపే ఇంజంక్షన్లు ఇవ్వొద్దంటుంది, ఆ జాబితాలో విద్యుత్ సరఫరా లైన్లున్నాయి. అటవీ భూమి మళ్లింపు ఉత్తర్వు మీద చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి 30 రోజుల్లో అప్పీలు చేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించగలరు, ఆపైన కుదరదు. వన్యప్రాణి చట్టం ఆ ట్రిబ్యునల్ పరిధిలో లేదు. 29వ సెక్షన్ ఉల్లంఘన గురించి అక్కడ అడిగితే కొట్టేస్తారు. ఆ విషయంలోనూ, పంచాయతీ అనుమతి 10(సి) విషయంలోనూ హైకోర్టులో రిట్ వేయాలి.

చివరగా పరిహారం. 2024 జూన్ 14 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం టవర్ నిలిచే స్థలానికి భూమి విలువలో 200 శాతం, తీగల కింది కారిడార్‌కు 30 శాతం. అంతకుముందు 2015 మార్గదర్శకాల్లో ఇవి 85, గరిష్ఠంగా 15 శాతంగా ఉండేవి. రాష్ట్రం ఏది అమలు చేస్తోందో కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా తెలుసుకోండి. తక్కువ ఇచ్చారనిపిస్తే 16(3) కింద జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. డబ్బు తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు. కానీ రసీదుతో పాటు సమ్మతి పత్రం కూడా కలిపి సంతకం పెట్టించుకుంటారు, దాన్ని చదవకుండా పెట్టకండి. రసీదు మీద "అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను, దారి మార్పుపై నా అర్జీ పెండింగులో ఉంది" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, దాని ఫొటో తీసుకున్నాకే కాగితం వాళ్లకివ్వండి. మేత పోరంబోకుకు వచ్చే పరిహారం పంచాయతీ ఖాతాలోకి వెళ్లాలి. దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది కూడా తీర్మానంతోనే జరగాలి, సర్పంచి ఒక్కరి సంతకంతో కాదు.